నొప్పి లేకుండా పోయిన రక్తం: మొలల వైద్యం, నా అనుభవం

నాకు 46 ఏళ్ళు. ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. పోయిన నవంబర్ నుంచి ఈ మార్చి దాకా మొలలకి వైద్యం చేయించుకున్నాను. మోకాళ్ళ నొప్పుల గురించీ, థైరాయిడ్ గురించీ స్టాఫ్ రూమ్‌లో గంటలు గంటలు మాట్లాడుకుంటాం గానీ, దీని మాట మాత్రం ఎవరం ఎత్తం. అందుకని ఏది ఎప్పుడు జరిగిందో, ఎక్కడ ఎంతైందో వరసగా రాస్తున్నాను.

2025 నవంబర్ 5 కార్తీక పౌర్ణమి. ఆ రోజంతా ఉపవాసం. రాత్రి గుడిలో 365 వత్తులు వెలిగించి వచ్చాక పాలు, రెండు అరటిపండ్లు. మంచినీళ్ళు కూడా సరిగా తాగలేదు. మర్నాడు పొద్దున బాత్రూమ్‌లో గట్టిగా ముక్కాల్సి వచ్చింది. లేచి చూస్తే బేసిన్‌లో ఎర్రటి రక్తం. నొప్పి లేదు, మంట లేదు. అప్పటికే నెలసరి ఏడాదిగా తప్పుతూ వస్తోంది, ఒక నెల ముందుకి, ఒక నెల వెనక్కి. ఈ వయసులో రక్తం కనిపిస్తే ఏ ఆడదానికైనా ముందు వచ్చే ఆలోచన అదే కదా. ప్యాడ్ పెట్టుకుని స్కూలుకి వెళ్ళిపోయాను. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే ప్యాడ్ మీద చుక్క లేదు. మళ్ళీ మర్నాడు పొద్దున బేసిన్‌లో రక్తం, పగలంతా ప్యాడ్ శుభ్రం. రెండు వారాలు ఇలాగే, ఒక రోజు వచ్చి రెండు రోజులు ఆగి.

నవంబర్ 22 సాయంత్రం లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఫీజు 400, స్కానింగ్ 900. గర్భసంచి బాగానే ఉందన్నారు. తర్వాత ఆమె అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: "అమ్మా, రక్తం యూరిన్‌కి వెళ్ళినప్పుడు వస్తోందా, మోషన్‌కి వెళ్ళినప్పుడా?" నేను గమనించలేదు. "రేపు పొద్దున మోషన్ అయ్యాక కడుక్కోకముందే టిష్యూతో ముందు ఒకసారి, వెనక ఒకసారి విడివిడిగా అద్ది చూడండి" అన్నారు. మర్నాడు చూస్తే ముందు అద్దిన టిష్యూ తెల్లగా ఉంది, వెనకది ఎర్రగా తడిసింది. అంత చిన్న పనితో రక్తం ఎటునుంచి వస్తోందో తేలిపోయింది. ఇంకోటి కూడా చూశాను: రక్తం మలంలో కలిసి లేదు. మలం పడ్డాక చుక్కలు చుక్కలుగా విడిగా కారుతోంది, లేచాక ఆగిపోతోంది.

ఆవిడే సీబీపీ అనే రక్తపరీక్ష కూడా రాశారు, 350 రూపాయలు, రెండు గంటల్లో రిపోర్టు. హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్ళకి 12 ఉండాలట. "బియ్యం గానీ బలపాలు గానీ తినాలనిపిస్తోందా?" అని అడిగారు. నాకు నవ్వూ సిగ్గూ రెండూ వచ్చాయి. బియ్యం ఏరుతూ ఏరుతూ గుప్పెడు నోట్లో వేసుకోవడం ఆర్నెల్లుగా అలవాటైంది. "పెళ్ళి రోజు వాన పడుద్దే" అని అత్తయ్య తిడుతూనే ఉంది, నా పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా సరే. ఒంట్లో ఐరన్ తగ్గితే అలా అనిపిస్తుందని ఆ రోజే తెలిసింది. రెండో అంతస్తులో తొమ్మిదో తరగతికి వెళ్ళేటప్పుడు మెట్ల మధ్యలో ఆగి, అటెండెన్స్ రిజిస్టర్ తిరగేస్తున్నట్టు నటించి ఊపిరి పీల్చుకునేదాన్ని. అది కూడా వయసు ఖాతాలోనే వేశాను. "మీరు చెప్పిన పీరియడ్స్‌కి ఇంత తగ్గదు. ఈ రక్తం చాన్నాళ్ళ నుంచి కొంచెం కొంచెంగా పోతున్నట్టుంది. సర్జన్‌కి చూపించండి" అన్నారామె.

ఇంట్లో ఎవరి వైద్యం వాళ్ళది. అత్తయ్య తేల్చిన మాట "వేడి చేసింది". సబ్జా నీళ్ళు, పల్చటి మజ్జిగ, వారం రోజులు కంద పులుసు. పాపం, అందులో పీచూ ఉంది, నీళ్ళూ ఉన్నాయి, కాబట్టి మోషన్ కాస్త మెత్తబడింది. రక్తం మాత్రం ఆగలేదు. మా ఆయన ఎరువుల షాపుకొచ్చే రైతొకాయన, వాళ్ళ ఊళ్ళో ఆదివారం పూట పసరు పోసే మనిషి ఉన్నాడని చెప్పాడు. బస్టాండు గోడల మీదైతే "ఒక్క ఇంజెక్షన్‌తో మొలలు మాయం" అని ఫోన్ నంబరుతో సహా రాసే ఉంటుంది. నేను అటు వెళ్ళకపోవడానికి కారణం మా ఆడపడుచు వాళ్ళ మామగారు. అలాంటి చోట ఏదో మందు పూయించుకుంటే లోపల కాలి, మానేటప్పుడు మలద్వారం బిగుసుకుపోయింది. తర్వాత దాన్ని సాగదీయించుకోవడానికి ఆయన పడ్డ బాధ మేమంతా చూశాం.

డిసెంబర్ 1, సోమవారం సాయంత్రం వైరా రోడ్డులో సర్జన్ దగ్గరికి వెళ్ళాం. ఫీజు 500, రెండున్నర గంటలు కూర్చున్నాం. మొదటి గండం రిసెప్షన్‌లోనే. హాలు నిండా జనం, ఆ అమ్మాయి మైకులో చెప్పినట్టు "ఏం ప్రాబ్లం మేడం?" అని అడిగింది. నా గొంతు పెగల్లేదు. "మోషన్ ప్రాబ్లం" అంటే చాలు, అంతకు మించి అక్కడ చెప్పక్కర్లేదని తర్వాత తెలిసింది. వెళ్ళి కూర్చున్నానో లేదో పక్క కుర్చీలోంచి "నమస్తే మేడం, మీరేంటి ఇక్కడ?" అని మా ఎనిమిదో తరగతి పిల్లాడి నాన్న. గ్యాస్ ట్రబుల్ అన్నాను. ఆయన తనకున్న గ్యాస్ ట్రబుల్ గురించి మా నంబర్ పిలిచేదాకా చెప్పాడు.

పరీక్ష గురించి నాకున్న భయం అంతా ఇంతా కాదు. మగ డాక్టరు. కానీ గదిలో సిస్టర్ ఉంది, నడుం కింద మాత్రమే దుప్పటి కాస్త పక్కకి జరిపారు. ఎడమ పక్కకి తిరిగి మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకోమన్నారు. ముందు గ్లౌజు వేసుకుని జెల్లీ రాసిన వేలితో చూశారు. తర్వాత ప్రాక్టోస్కోప్, చిన్న గొట్టం లాంటిది, లోపలికి పెట్టి లైటు వేసి "కొంచెం ముక్కండమ్మా" అన్నారు. అసౌకర్యంగా ఉంది, మోషన్ వస్తున్నట్టుంది, అంతే. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఈ ఐదు నిమిషాలకి భయపడి ఏళ్ళ తరబడి పసర్లు తాగేవాళ్ళున్నారు.

చీటీ వెనక ఆయన ఒక గుండ్రం గీసి గడియారంలా 3, 7, 11 దగ్గర చుక్కలు పెట్టారు. మొలలు ఎక్కువగా ఆ మూడు చోట్లే వస్తాయట. నాకు 7, 11 దగ్గరివి పెద్దవి, రెండో గ్రేడు. ముక్కినప్పుడు బయటికొచ్చి వాటంతటవే లోపలికి పోతాయి. వేలితో నెట్టాల్సి వస్తే మూడో గ్రేడు, నెట్టినా పోకపోతే నాలుగు. 3 దగ్గరిది చిన్నది. అంత రక్తం పోతుంటే నొప్పెందుకు లేదని అడిగాను. మలద్వారం లోపల ఒక గీత లాంటిది ఉంటుందట. దానికి పైనున్న పొరకి కోత, గుచ్చుడు తెలియవు, కిందున్న చర్మానికి అన్నీ తెలుస్తాయి. లోపలి మొలలు గీతకి పైన పుడతాయి కాబట్టి నొప్పి లేకుండానే రక్తం పోతుంది. మోషన్‌కి వెళ్తున్నప్పుడు కోసినట్టు నొప్పి ఉంటే అది చాలావరకు ఫిషర్, అంటే చీలిక, దాని వైద్యం వేరు.

ఇక్కడితో మందులు రాసి పంపిస్తారనుకున్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, "మొలలు కనపడ్డాయి, సరే. కానీ రక్తం అంతా వాటినుంచే పోతోందని నేను ఎలా చెప్తాను? మీ వయసు 46, హిమోగ్లోబిన్ ఎనిమిది. పెద్దపేగు మొత్తం ఒకసారి చూడాల్సిందే" అన్నారు. కొలనోస్కోపీ. కెమెరా ఉన్న గొట్టం మలద్వారం గుండా పెట్టి చూస్తారట, డిసెంబర్ 13కి ఇచ్చారు. ఐరన్ మాత్రలు అప్పుడే మొదలుపెట్టొద్దన్నారు. వాటితో మలం నల్లగా మారి పేగు గోడలకి అంటుకుంటుందట, లోపల సరిగా కనపడదట. అప్పటిదాకా మోషన్ మెత్తగా రావడానికి ఇసబ్గోల్ పొట్టు, రాత్రి పూట లాక్టులోజ్ సిరప్, మొలల కోసం డయోస్మిన్ మాత్రలు, రోజుకి రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో కూర్చోవడం.

ఆ పన్నెండు రోజులూ నిద్ర సరిగా పట్టలేదు. రాత్రి ఫోన్ తీస్తే ఏది వెతికినా చివరికి క్యాన్సర్ దగ్గరే తేలేది. మా ఆయన ఆ మాట ఎత్తలేదు, కానీ షాపు నుంచి తొందరగా ఇంటికి రావడం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో బీటెక్ చదివే మా అమ్మాయికి సెమిస్టర్ పరీక్షలని చెప్పలేదు.

కొలనోస్కోపీలో కష్టమంతా ముందు రోజుదే. శుక్రవారం పొద్దున ఇడ్లీ తిన్నాక ఇక కొబ్బరినీళ్ళు, వడకట్టిన మజ్జిగ తేట, పాలు లేని టీ. సాయంత్రం ఆరు నుంచి రెండు లీటర్ల నీళ్ళలో కలిపిన పౌడరు, పావుగంటకొక గ్లాసు. రుచి ఎలా ఉందంటే గ్యాస్ పోయిన ఉప్పు నిమ్మసోడా. మూడో గ్లాసుకి వాంతి వచ్చినట్టయింది. మిగతాది ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా తాగితే దిగింది. ఏడున్నరకి మొదలైంది, అర్ధరాత్రి దాటేదాకా బాత్రూమ్ పక్కన కుర్చీ వేసుకునే కూర్చున్నాను. చివరికి పసుపు నీళ్ళలా వచ్చేదాకా పోవాలి. ముందే కొబ్బరినూనె రాసుకోండి, లేకపోతే కడిగి కడిగి ఒరుసుకుపోతుంది. ఇది ఏ డాక్టరూ చెప్పలేదు, మా సైన్స్ మేడం చెప్పింది.

శనివారం పొద్దున సూది మత్తు ఇచ్చారు. కళ్ళు తెరిచి "ఎప్పుడు మొదలుపెడతారు సిస్టర్?" అని అడిగితే, అయిపోయి అరగంటైందంది. పేగంతా శుభ్రంగా ఉంది, పుండు లేదు, పాలిప్ (పేగు గోడ మీద పెరిగే కండ) లేదు, ఉన్నవి మొలలే అని రిపోర్టు. మా ఆయన ఆ కాగితం పట్టుకుని కిందికెళ్ళి టీ తాగి వచ్చారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నేనేమీ అడగలేదు. మత్తుతో కలిపి 7,500 అయింది. మత్తు ఇస్తారు కాబట్టి తోడు మనిషి తప్పనిసరి, ఆ రోజు బండి నడపకూడదు. సాయంత్రం దాకా పొట్టలో గాలి తిరుగుతూనే ఉంటుంది, సిగ్గుపడకుండా వదిలెయ్యడమే.

ఆ మధ్యలోనే మా ఆయన ఇంకో ఆసుపత్రికి ఫోన్ చేశారు. మనిషిని చూడకుండా, గ్రేడు అడగకుండా, "లేజర్ 65,000 సార్, ఈ నెలలో ఆఫర్ ఉంది" అన్నారట. తర్వాత వారం రోజులు వాళ్ళ ఫోన్లు ఆగలేదు. మా సర్జన్‌ని అడిగితే రెండో గ్రేడుకి ఆపరేషన్ అక్కర్లేదు, రబ్బరు బ్యాండ్లు చాలన్నారు. పెద్దవి, బయటే ఉండిపోయేవి అయితే అప్పుడు కోత, స్టేప్లర్, లేజర్ గురించి ఆలోచిస్తారట.

డిసెంబర్ 20న బ్యాండ్లు వేశారు. ఓపీలోనే, మత్తు లేదు. ఆ గీత సంగతి ఇక్కడ అక్కరకొచ్చింది: నొప్పి తెలియని చోట కాబట్టి మత్తు లేకుండానే రబ్బరు వేస్తారు. బ్యాండు నాకు చూపించారు, నల్లగా పెసరగింజంత రింగు. మొల మొదట్లో దాన్ని బిగిస్తే రక్తం అందక మొల ఎండి, కొన్ని రోజుల్లో రబ్బరుతో సహా రాలిపోతుంది. మళ్ళీ అదే ఎడమ పక్క పడక, అదే గొట్టం. 'టక్' మని చప్పుడు. "చుర్రుమంటోందా? చుర్రుమంటే ఇప్పుడే చెప్పండి, తీసి ఇంకాస్త పైన వేస్తాను" అన్నారు. చుర్రుమనలేదు, లోపల ఏదో అడ్డం పడినట్టుంది. రెండో 'టక్'. అయిపోయిందనుకుని లేచి కూర్చోగానే చెమటలు పట్టి కళ్ళు బైర్లు కమ్మాయి. సిస్టర్ వెంటనే పడుకోబెట్టి కాళ్ళ కింద దిండు పెట్టింది. కొందరికి అలా అవుతుందట, పావుగంటలో సర్దుకుంది. మీరెవరైనా చేయించుకుంటే అవ్వగానే గబుక్కున లేవకండి. రెండు బ్యాండ్లకి 8,000 తీసుకున్నారు.

బ్యాండ్లు వేశాక రెండు రోజులు నొప్పి కంటే విసుగు ఎక్కువ. ఎంతసేపూ మోషన్‌కి వెళ్ళాలనే అనిపిస్తుంది, వెళ్తే ఏమీ ఉండదు. అది రబ్బరు ఒత్తిడి, నమ్మి ముక్కితే రబ్బరు జారిపోతుందని ముందే హెచ్చరించారు. పారాసెటమాల్ వేసుకోవచ్చు, బ్రూఫెన్ లాంటివీ ఎకోస్ప్రిన్ లాంటివీ సొంతంగా వద్దు, రక్తం పోవడం ఎక్కువవుతుంది. గుండె జబ్బుకో ఇంకోదానికో రక్తం పల్చబడే మందు వాడేవాళ్ళైతే బ్యాండ్ వేయకముందే చెప్పాలి. జ్వరం వచ్చినా, మూత్రం రాకపోయినా, నొప్పి తగ్గకుండా పెరుగుతూ పోయినా ఏ టైమైనా సరే వచ్చెయ్యమన్నారు. ఈ మూడూ చీటీ మీద రాయించుకున్నాను.

వేడినీళ్ళ టబ్బు గురించి ఒక మాట. కమోడ్ మీద పెట్టుకునే ప్లాస్టిక్ గిన్నె 250 పెట్టి కొన్నాం. మా ఇంట్లో ఉన్నది కింద కూర్చునే మామూలు బేసిన్, దాని మీద అది నిలబడదు. చివరికి మా అమ్మాయికి చిన్నప్పుడు స్నానం చేయించిన వెడల్పాటి టబ్బు అటక మీద నుంచి దించాం. మోచెయ్యి పెడితే హాయిగా ఉండేంత వేడి, పది పదిహేను నిమిషాలు. అత్తయ్య పటిక, పసుపు వేస్తానంది, మా ఆయన డెట్టాల్ అన్నారు. ఏదీ వద్దు, ఉత్త నీళ్ళే అన్నారు డాక్టరు.

డిసెంబర్ 28, ఆదివారం పొద్దున మళ్ళీ రక్తం, ఈసారి కొంచెం ఎక్కువే. ముందే చెప్పారు, వారం పది రోజుల్లో రబ్బరు రాలేటప్పుడు కాస్త రక్తం వస్తుందని. అయినా చూసేసరికి కాళ్ళు వణికాయి. ఫోన్ చేస్తే "గడ్డలు గడ్డలుగా వస్తోందా? మోషన్ లేకుండా కూడా కారుతోందా?" అని అడిగారు. లేదన్నాను. మధ్యాహ్నానికి ఆగకపోతే రమ్మన్నారు. ఆగింది. రబ్బరు నాకైతే కనపడలేదు, చాలామందికి కనపడదట.

ఎవరూ చెప్పని తిరకాసు ఐరన్ మాత్రలతో వచ్చింది. కొలనోస్కోపీ అయ్యాక మొదలుపెట్టాను. మలం నల్లగా వస్తుందని చెప్పారు కాబట్టి దానికి కంగారు పడలేదు, కానీ పది రోజుల్లోనే మళ్ళీ గట్టిగా రావడం మొదలైంది. మొలలు తగ్గడానికి మోషన్ మెత్తగా ఉండాలి, రక్తం పట్టడానికి వేసుకునే మాత్ర దాన్ని గట్టి చేస్తుంది! ఈ సంగతి చెప్పగానే మాత్ర ఆపేసి, జనవరి 3న సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. 1,000 మిల్లీగ్రాములు, ఇరవై నిమిషాల్లో అయిపోయింది, రియాక్షన్ ఏమైనా వస్తుందేమోనని ఇంకో అరగంట కూర్చోబెట్టారు. 4,200 అయింది. రెండు మూడు వారాలకి మెట్లెక్కేటప్పుడు తేడా తెలిసింది. బియ్యం మీద ధ్యాస ఎప్పుడు పోయిందో నాకే తెలియదు, అత్తయ్యే గమనించి చెప్పింది.

సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు అరిసెలు, సకినాలు, పైగా కోడి కూర. మా అమ్మ "కారం తగ్గించనా?" అని పది సార్లు అడిగింది. కారం వల్ల మొలలు రావు, ఉన్నవాళ్ళకి మంట పుట్టిస్తుందంతే అని డాక్టర్ చెప్పారు. నిజానికి నన్ను పట్టుకున్నది కారం కాదు, టైం టేబుల్. నాలుగున్నరకి లేచి మూడు బాక్సులు కట్టి ఏడింటికి స్కూలు బస్సు ఎక్కాలి. బాత్రూమ్‌లో రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాల్లో ముక్కి తెమిల్చుకుని రావాలి. స్కూల్లో ముప్పై మంది స్టాఫ్‌కి ఒకటే టాయిలెట్, దానికి భయపడి సాయంత్రం దాకా నీళ్ళు తాగను. ఇప్పుడు లేవగానే రెండు గ్లాసుల నీళ్ళు, వంట మధ్యలో ఎప్పుడు వస్తే అప్పుడు వెళ్తాను, ఆ పూట పోపు మా ఆయనే చూసుకుంటారు. రాత్రి ఇసబ్గోల్ రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్ళతో. నీళ్ళు తక్కువైతే అది మేలు చేయకపోగా లోపల ముద్ద కడుతుంది, ఇది గుర్తుంచుకోండి. జొన్నరొట్టె, తోటకూర, జామకాయ రోజూ ఏదో ఒకటి. స్టాఫ్ టాయిలెట్ గురించి ఐదుగురం కలిసి ప్రిన్సిపల్‌కి లెటర్ ఇచ్చాం. ఇంకోటి కట్టిస్తామన్నారు, ఇటుకలైతే వచ్చాయి.

జనవరి 31న 7 దగ్గరి మొలకి ఇంకో బ్యాండు వేశారు, అది మొదటిసారి పూర్తిగా పోలేదు. 5,000. ఈసారి మెల్లగా లేచాను, చెమటలు పట్టలేదు. 3 దగ్గర ఉన్న చిన్నదాన్ని అలాగే వదిలేశారు, ఇబ్బంది పెడితే అప్పుడు చూద్దామన్నారు.

డబ్బు సంగతి. మందులు, ఫీజులు, స్కానింగ్ అన్నీ కలిపి 30,000 దాటింది. ఇన్సూరెన్స్ నుంచి రూపాయి రాలేదు. పాలసీ తీసుకుని ఏడాదే అయింది, అందులో పైల్స్, ఫిషర్, ఫిస్టులా లాంటివాటికి మొదటి రెండేళ్ళు వెయిటింగ్ పీరియడ్ అని రాసుంది. అప్పటిదాకా మేము ఆ పేజీ చదవనేలేదు. మీ పాలసీలో ఆ లిస్టు ఒకసారి చూసుకోండి, కంటిశుక్లం, హెర్నియా కూడా మామూలుగా అందులోనే ఉంటాయి.

మార్చి 14న మళ్ళీ సీబీపీ చేయించాను. హిమోగ్లోబిన్ 11.9. ఫిబ్రవరి మొదటి వారం తర్వాత రక్తం కనపడలేదు. డయోస్మిన్ ఆపేశారు, లాక్టులోజ్ అవసరమైతేనే. ఇసబ్గోల్ మాత్రం కొనసాగించమన్నారు. మళ్ళీ ఎప్పుడైనా రక్తం వస్తే "పాత మొలలేలే" అనుకోకుండా వచ్చి చూపించుకోవాలట. జూన్‌లో బడి తెరిచాక ఇంకోసారి రక్తపరీక్ష.